పాలియేటివ్ కేర్‌లో పరిశోధన: నర్సింగ్ చదివిన అమ్మాయికి దారి ఎక్కడ?

ప్రశ్న: మా అమ్మాయి విజయనగరంలో బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. క్యాన్సర్ వార్డులో పోస్టింగ్ చేసి వచ్చినప్పటి నుంచి పాలియేటివ్ కేర్‌లో పరిశోధన చేస్తానంటోంది. బంధువులేమో జర్మనీ పంపించమంటున్నారు. ఈ రంగంలో భవిష్యత్తు ఉందా? ఎక్కడ మొదలుపెట్టాలి? రోజూ చావుకు దగ్గరైనవాళ్ల మధ్య ఉంటే తట్టుకోగలదా అని వాళ్లమ్మ బెంగ. (ఒక తండ్రి)

జవాబు: పాలియేటివ్ కేర్ అంటే తీవ్రమైన జబ్బుతో ఉన్నవారి నొప్పి, ఆయాసం లాంటి బాధలను తగ్గించే సంరక్షణ. ఇక చేసేదేమీ లేదన్నాక మొదలయ్యేదని దీన్ని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదని తేల్చింది పరిశోధనే. 2010లో అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిని రెండు జట్లుగా విడదీశారు. అందరికీ మామూలు క్యాన్సర్ వైద్యం అందింది. ఒక జట్టుకు మాత్రం మొదటి నుంచే పాలియేటివ్ కేర్ కూడా ఇచ్చారు. పన్నెండు వారాల తర్వాత చూస్తే ఈ జట్టువాళ్ల జీవన నాణ్యత మెరుగ్గా ఉంది, దిగులు తక్కువగా ఉంది. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనంలో ఆయాసంతో బాధపడుతున్న 239 మందికి ముక్కు గొట్టం ద్వారా కొందరికి ఆక్సిజన్, కొందరికి మామూలు గాలి ఇచ్చారు. వాళ్లంతా రక్తంలో ఆక్సిజన్ మరీ పడిపోనివాళ్లు. రెండు జట్లకూ ఉపశమనంలో తేడా కనిపించలేదు. ఇంట్లో సిలిండర్ పెట్టడానికి అప్పు చేసే కుటుంబానికి ఈ ఒక్క ఫలితం ఎంత ఊరటో ఆలోచించండి. మీ అమ్మాయి చేయాలనుకుంటున్న పని ఇలాంటిది.

అవసరం మాట చెప్పాలంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 5.68 కోట్ల మందికి పాలియేటివ్ కేర్ కావాలి. అందుతున్నది 14 శాతానికే. పైగా ఇది నర్సులకు సహజంగా చెందిన రంగం. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశ రోగుల సంరక్షణ కేంద్రం) తెరిచిన సిసిలీ సాండర్స్ మొదట నర్సే, డాక్టరు చదువు తర్వాత చదివారు. మన దగ్గర కూడా రోగి ఇంటికి వెళ్లి పుండు కట్టి, మాత్రలు లెక్కపెట్టి వచ్చేది ఎక్కువగా నర్సే. కాబట్టి మంచి ప్రశ్నలు ముందుగా తట్టేది కూడా ఆమెకే.

అందుకే నా సలహా ఇది: డిగ్రీ కాగానే ఎమ్మెస్సీ సీటు వెంట పడొద్దు. ఎలాగూ ఎమ్మెస్సీ నర్సింగ్‌కు సాధారణంగా ఏడాది అనుభవం అడుగుతారు. ఆ ఏడాదిని రెండేళ్లు చేసి, క్యాన్సర్ ఆసుపత్రిలో లేదా ఇంటింటికీ తిరిగే హోమ్ కేర్ జట్టులో పని చేయమనండి. మీకు దగ్గరలో విశాఖలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఏళ్ల తరబడి నడుస్తోంది. తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేంద్రాలున్నాయి. ఇంటి దగ్గర సంరక్షణ ఎలా ఉంటుందో చూడాలంటే మాత్రం కేరళ వెళ్లాలి. కోజికోడ్‌లో 1993లో మొదలైన ఉద్యమం పంచాయతీ స్థాయి దాకా పాకింది. 2008లో ఆ రాష్ట్రం ప్రత్యేక విధానమే ప్రకటించింది. తిరువనంతపురంలోని పాలియం ఇండియా నర్సులకు సర్టిఫికెట్ కోర్సులు నడుపుతుంది. ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ ప్రాథమిక కోర్సును ఉద్యోగం చేస్తూనే చదవొచ్చు.

ఈ రెండేళ్లలో ఆమె చేతికి రావలసినవి చిన్నవిగా కనిపిస్తాయి. గట్టి నొప్పి మందైన నోటి మార్ఫిన్ మాత్రను నాలుగు గంటలకోసారి ఎందుకివ్వాలి, మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనపు డోసు ఎంత, దానితోపాటే మలబద్ధకానికి మందు రాయకపోతే నాలుగో రోజున రోగి మార్ఫినే మానేస్తాడన్న సంగతి. ఇవి తెలియనివాళ్లు నొప్పి మీద ప్రశ్నావళి తయారుచేస్తే మలబద్ధకం గురించిన ప్రశ్నే ఉండదు.

ఇక థీసిస్ అంశం. చాలా కాలేజీల్లో 'స్టాఫ్ నర్సుల పరిజ్ఞానం, వైఖరి' అని ఒక ప్రశ్నావళి పంచి ముగించేస్తారు. గైడ్ అటువైపు తోసినా ఒప్పుకోవద్దనండి. దానివల్ల ఏ రోగి మంచం దగ్గరా ఏదీ మారదు. అడగవలసిన ప్రశ్నలు మన ముందే ఉన్నాయి. మత్తుపదార్థాల చట్టాన్ని 2014లో సవరించి మార్ఫిన్ లైసెన్సులు సులభం చేశారు కదా, మరి ఒక జిల్లాలో డిశ్చార్జి అయిన రోగి నెలలో ఎన్ని రోజులు మాత్రల్లేకుండా ఉంటున్నాడు? రాత్రిపూట ఆయాసం వస్తే ఇంట్లోవాళ్లు ఎవరికి ఫోన్ చేస్తున్నారు? గౌరవంగా మరణించే హక్కును, చివరి దశలో తనకు ఎలాంటి చికిత్స వద్దో ముందే రాసిపెట్టే లివింగ్ విల్‌ను సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, 2023లో పద్ధతిని తేలిక చేసింది. ఆ కాగితం గురించి మన పల్లెల్లో ఎంతమందికి తెలుసు?

ఆమెకున్న అతి పెద్ద బలం తెలుగు. ఈ రంగంలో కొలత అంతా రోగి మాట మీదే నడుస్తుంది. ఎడ్మంటన్ సింప్టమ్ అసెస్‌మెంట్ అనే పట్టికలో నొప్పి, అలసట, మగత, వికారం, ఆకలి, ఆయాసం, దిగులు, ఆందోళన, మొత్తం మీద ఎలా ఉందన్నది, ఇలా తొమ్మిదింటికి 0 నుంచి 10 వరకు అంకె వేయించాలి. తెలుగులోకి తెచ్చేసరికి చిక్కులు మొదలవుతాయి. 'నీరసం' అన్నమాట అలసటకూ మగతకూ రెండింటికీ అతుక్కుంటుంది. 'నిరాశ' అంటే పల్లెలో పుస్తకం మాట. 'దిగులు' అంటే కొడుకు రాలేదన్న బెంగ కూడా కావచ్చు. శ్రీకాకుళం మనిషి ఆయాసం అన్నది తెలంగాణ మనిషికి దమ్ము. ఆందోళన అన్న మాటకు గాబరా, కంగారు, గుబులు ఎవరి ఊరిమాట వారిది.

అందుకే పద్ధతి ప్రకారం వెళ్లాలి. ముందుగా ఆ పట్టిక హక్కుదారుల అనుమతి తీసుకోవాలి, తెలుగు రూపం ఇప్పటికే ఉందేమో కనుక్కోవాలి. క్యాన్సర్ రోగుల జీవన నాణ్యత కొలిచే క్యూఎల్‌క్యూ-సీ30 ప్రశ్నావళికి తెలుగు రూపం ఉంది. మీ పట్టికకు లేకపోతే ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి, వారిలో ఒకరు వైద్యంతో సంబంధం లేనివారైతే మేలు. రెండూ కలిపి ఒకటి చేశాక, అసలు ఇంగ్లీషు చూడనివాళ్ల చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి తేడాలు పట్టుకోవాలి. ఆ తర్వాత కొద్దిమంది రోగుల దగ్గర కూర్చుని 'ఈ ప్రశ్న మీకేమని అర్థమైంది?' అని అడగాలి. ఎక్కువమంది ఎగ్గొట్టేది ఈ చివరి మెట్టే, పట్టికలు చెడేది కూడా ఇక్కడే. ఇంకో జాగ్రత్త: వార్డులో పెద్దవాళ్లను 'రూపాయికి ఎన్నణాల నొప్పి?' అని అడిగితే బాగా చెబుతారు, వైద్యానికి అది మంచి అలవాటే. పరిశోధనలో మాత్రం ఒకరిని పదహారణాల లెక్కన, ఇంకొకరిని పది అంకెల లెక్కన అడిగితే లెక్క పాడవుతుంది. ఒకటే ఎంచుకోవాలి. మార్ఫిన్ వేసుకుని ఎంతసేపయిందో పక్కనే రాయాలి, లేకపోతే అరగంట తర్వాతి అంకె, నాలుగు గంటల తర్వాతి అంకె ఒకే వరుసలో చేరిపోతాయి. రోగి చెప్పలేని స్థితిలో ఉంటే ఇంట్లోవాళ్లు చెప్పింది వేరే గడిలో రాయాలి.

సమ్మతి దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. 'ఆయనకు క్యాన్సరని చెప్పకండమ్మా' అని ఇంట్లోవాళ్లు అడ్డుపడటం మన దగ్గర మామూలు. సమాచార పత్రం పైన 'అవసాన దశ క్యాన్సర్ రోగుల అధ్యయనం' అని అచ్చువేస్తే ఆ మనిషికి తన జబ్బు సంగతి ఒక కాగితం చెప్పినట్లవుతుంది. 'తీవ్రమైన జబ్బుతో ఉన్నవారి నొప్పి, ఇతర బాధలు' అని రాస్తే అబద్ధమూ ఉండదు, దెబ్బా తగలదు. అయినా రోగి నేరుగా అడిగితే తప్పించుకోకుండా, చూస్తున్న వైద్య బృందం దగ్గరకు ఆ ప్రశ్నను తీసుకెళ్లాలి. రోగ నిర్ధారణ చెప్పే పని పరిశోధకురాలిది కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలు ఇలాంటి రోగులను ప్రత్యేక రక్షణ అవసరమైనవారిగా చూస్తాయి, కాబట్టి ఎథిక్స్ కమిటీ గట్టిగానే అడుగుతుంది. చదువురానివారు వేలిముద్ర వేసేటప్పుడు అధ్యయనంతో సంబంధం లేని సాక్షి ఉండాలి. మొదటి రోజు తీసుకున్న సంతకం చాలదు, మగత పెరిగేకొద్దీ ప్రతిసారీ మళ్లీ అడగాలి.

అంకెల్లో అందరూ చేసే తప్పు ఒకటుంది. నాలుగు వారాల తర్వాత 60 మంది మిగలాలంటే 60 మందినే చేర్చుకుంటారు. మూడో వంతు మంది మధ్యలో ఉండరనుకుంటే 90 మందిని చేర్చుకోవాలి. ఇలా మధ్యలో తప్పిపోయినవాళ్లను కూడా ఒకే కుప్ప చేయకూడదు. చనిపోయినవారు, జబ్బు ముదిరి జవాబు చెప్పలేనివారు, ఫోను కలవక పోయినవారు వేర్వేరు. లండన్ కింగ్స్ కాలేజీ వారి నేతృత్వంలో పాలియేటివ్ పరిశోధన కోసం వచ్చిన మోర్‌కేర్ మార్గదర్శకాలు ఈ మూడు వర్గాలనే సూచించాయి. మిగిలిన బలమైనవాళ్ల అంకెలు మాత్రమే చూస్తే ఏ పథకమైనా అద్భుతంగా పనిచేసినట్లే కనిపిస్తుంది.

చదువు విషయానికొస్తే, ఎమ్మెస్సీలో మెడికల్ సర్జికల్ నర్సింగ్ లేదా కమ్యూనిటీ హెల్త్ తీసుకోవచ్చు. గణాంకాలు, జనాభా స్థాయి ప్రశ్నలు ఇష్టమైతే ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చదవాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లోనూ, తిరువనంతపురం అచ్యుత మీనన్ సెంటర్‌లోనూ ఉంది. అర్హత ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఎండీ పాలియేటివ్ మెడిసిన్ ఎంబీబీఎస్ వాళ్లకే, దాని గురించి ఆలోచించనక్కర్లేదు. విదేశం వెళ్లాలనుంటే బ్రిటన్‌లో కింగ్స్ కాలేజీ, పీహెచ్‌డీకి లాంకాస్టర్ ఈ రంగంలో పేరున్నవి. జర్మనీకి నేను అడ్డు చెప్పను. కానీ నర్సుగా గుర్తింపుకు సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ కావాలి. అక్కడ ఆమెకు దొరికేది మంచి ఉద్యోగం, పరిశోధన కాదు. పైగా తెలుగు అనే బలం అక్కడ పనికిరాదు.

డబ్బు సంగతి దాచను. మొదట్లో దొరికేవి రిసెర్చ్ నర్సు, ప్రాజెక్ట్ కోఆర్డినేటర్ ఉద్యోగాలు. ఇవి గ్రాంటు ఉన్నంతకాలమే ఉంటాయి, ఏటా పొడిగింపు కోసం చూడాలి. కుటుంబం ఆమె జీతం మీదే ఆధారపడి ఉంటే, స్థిరమైన స్టాఫ్ నర్సు ఉద్యోగంలో ఉంటూనే ఎమ్మెస్సీ దాకా వెళ్లడం మేలు.

వాళ్లమ్మగారి బెంగ సరైనదే. అయితే దెబ్బ తగిలేది అనుకున్నచోట కాదు. మంచం దగ్గర కూర్చున్నప్పటికంటే, ఇంటర్వ్యూ రికార్డింగ్‌ను పదే పదే వెనక్కి తిప్పి విని అక్షరాల్లో పెట్టేటప్పుడు చాలామంది కుంగిపోతారు. అప్పటికే ఆ మనిషి చనిపోయి ఉండొచ్చు. రోజుకు రెండు ఇంటర్వ్యూలకు మించి పెట్టుకోకూడదు, రాత్రిపూట ఒంటరిగా రికార్డింగులు వినకూడదు. ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు జీతంతోపాటు ఇంకో మాట కూడా అడగమనండి: రోగి పోయిన తర్వాత జట్టు కూర్చుని మాట్లాడుకోవడానికి వారంలో ఒక సమయం కేటాయించారా? లేదన్నచోట మొదటి ఉద్యోగం వద్దు.