ఓడెక్కే చదువు కాదన్నా ఇది

గోపాల్‌పూర్ నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి బరంపురంలో ప్లస్ టూ సైన్స్. సముద్రంలో తేలే ప్లాట్‌ఫాంల కింద చేప తోకలా ఆడే రెక్కలు పెడితే అల దెబ్బ తగ్గుతుందట, వీడియో చూసి అదే చదువుతానంటోంది. మేం వేటకెళ్లేవాళ్లం, మళ్లీ సముద్రమేనా అని వాళ్లమ్మ ఒకటే ఏడుపు."

అన్నా, ముందు వదినకి చెప్పండి, నెలల తరబడి ఓడ మీద ఉండే ఉద్యోగం మర్చంట్ నేవీ. మీ అమ్మాయి అడుగుతున్నది నేవల్ ఆర్కిటెక్చర్, ఓషన్ ఇంజినీరింగ్, అంటే ఓడల్నీ సముద్రంలో తేలే కట్టడాల్నీ డిజైన్ చేసే చదువు. పనంతా ఎక్కువగా కంప్యూటర్ ముందు, లేదంటే అలలు పుట్టించే పొడవాటి నీళ్ల తొట్టి పక్కన.

ఆ రెక్కల సంగతి నిజానికి నాకన్నా మీకే బాగా తెలుసు. వెనక తెడ్డు అటూ ఇటూ ఆడిస్తే పడవ ముందుకే పోతుంది కదా, ఇక్కడ ఆడించేది అల, అంతే తేడా. అల కింద నీళ్లు గుండ్రంగా తిరుగుతాయి, స్ప్రింగుతో బిగించిన రెక్క ఆ కదలికకి తగ్గట్టు వాలి, నీళ్లు లేచినా దిగినా అల వచ్చే వైపుకే తోస్తుంది, దాంతో లంగరు గొలుసుల మీద లాగుడు కొంత తగ్గుతుంది. కావాలంటే పాత ప్లాస్టిక్ ఫైలు ముక్కని ఒక అంచున పుల్లకి కట్టి, పుల్లని అడ్డంగా పట్టుకుని టబ్బులో పైకీ కిందకీ ఆడించండి, పుల్ల ముందుకు లాగడం చేతికి తెలుస్తుంది. 2008లో కెనిచి హోరియె అనే 69 ఏళ్ల జపాన్ పెద్దాయన ఇలాంటి రెక్కలున్న పడవలో అలల బలంతో హవాయి నుంచి జపాన్ చేరాడు, కాకపోతే నత్తనడక. చిక్కెక్కడంటే, లోతుకు పోయేకొద్దీ నీళ్ల కదలిక తగ్గిపోతుంది కాబట్టి రెక్క పైపైనే ఉండాలి, పైపైన ఉంటే తుఫాను దెబ్బ ముందు దానికే. 2013 ఫైలిన్ తుఫాను చూసిన మీకు వేరే చెప్పాలా!

అయితే రెక్కల కోర్సని విడిగా ఉండదు, అది ఎంటెక్, పీహెచ్‌డీలో పట్టుకునే విషయం. బీటెక్‌కి ఐఐటీ ఖరగ్‌పూర్, మద్రాసు ఉన్నాయి, జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ (ఐఎంయూ) విశాఖ క్యాంపస్ అయితే వాళ్ల ప్రవేశ పరీక్ష ఐఎంయూ సెట్, మీకు రైల్లో దగ్గర కూడా. ఏదీ రాకపోతే బరంపురంలోనే పరలా మహారాజా ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ చేసి, తర్వాత ఎంటెక్ కోసం రాసే గేట్ పరీక్షలో నేవల్ ఆర్కిటెక్చర్ పేపర్ రాయొచ్చు. నన్నడిగితే ఇదేం తక్కువ దారి కాదు.

ఉద్యోగాలా? కంప్యూటర్ సైన్స్‌లో ఉన్నన్ని ఉండవు, ఆ మాట దాచను. షిప్‌యార్డులు, విశాఖలో నౌకాదళం కోసం పరిశోధన చేసే ఎన్‌ఎస్‌టీఎల్, చెన్నైలో సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ, ఆయిల్ కంపెనీలు ఉన్నాయి. కాకినాడ దగ్గర లోతు సముద్రంలో ఓఎన్‌జీసీ 2024 జనవరి నుంచి తేలే ఓడ మీదే చమురు తీస్తోంది. ఓడ ఉద్యోగం ఖాయమని ముందే డబ్బడిగే ఏజెంట్లు మీ వీధికీ వస్తారు, గుమ్మం ఎక్కనివ్వకండి.

ఇంతకీ అమ్మాయి మ్యాథ్స్ ఉంచుకుందా, బయాలజీ కోసం వదిలేసిందా? అది కనుక్కుని మళ్లీ రాయండి, మిగతాదంతా దాని తర్వాతే.