పాప మాట నమ్మండి, ఫిర్యాదుకు వెనకాడకండి

మీ అక్క కూతురు, 8 ఏళ్ల పాప, దగ్గరి బంధువు ఒకాయన తనతో 'ఎవరికీ చెప్పకూడని ఆట' ఆడుతున్నాడని మీకు చెప్పిందన్నారు. ఇంట్లోవాళ్లేమో పరువు పోతుందని నోరు మూయిస్తున్నారు. ముందు పాప సంగతి చూడండి. "చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు" అనండి చాలు. ఇంటిల్లిపాదీ గుచ్చి గుచ్చి అడగొద్దు. తను వాడిన మాటల్ని ఉన్నదున్నట్టు తేదీ వేసి రాసిపెట్టుకోండి. నిన్నో మొన్నో జరిగినదైతే ఆ బట్టలు ఉతకకండి. ఆ మనిషి దగ్గర పాపను క్షణం కూడా ఒంటరిగా వదలొద్దు.

ఇక చట్టం. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే, ఆడైనా మగైనా. 'పాప ఒప్పుకుంది' అనే వాదన చెల్లదు. తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే నేరం, 6 నెలల దాకా జైలు పడొచ్చు. కాబట్టి మీ బావగారి అనుమతి కోసం ఆగనక్కర్లేదు, మీరే ఫిర్యాదు చేయొచ్చు. స్టేషన్ అంటే టెన్షన్ అన్నారు కదా, పాప వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు. వీలైనంతవరకు మహిళా ఎస్‌ఐ, అదీ యూనిఫాం లేకుండా రావాలి. పాప పేరు మీడియాలో రాకూడదు. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, అర్ధరాత్రైనా పలుకుతారు.