ఏడింటి చాయ్, పదకొండింటి బిర్యానీ

ప్రశ్న: మేడమ్, మాది కూకట్‌పల్లి. మాదాపూర్‌లో మధ్యాహ్నం షిఫ్టు ఉద్యోగం. సాయంత్రం ఏడింటికి ఆఫీసు దగ్గర ఇరానీ చాయ్ తాగుతాను, ఒక్కోసారి రెండు. ఇంటికి వచ్చేసరికి పదకొండవుతుంది. వారంలో మూడు నాలుగు రోజులు బిర్యానీయే ఆర్డర్ పెట్టుకుని, తినగానే పడుకుంటాను. ఒక పట్టాన నిద్ర రాదు, వచ్చినా రెండింటికో మూడింటికో గుండెల్లో మంటతో మెలకువ వస్తోంది. అమ్మ పాలు తాగమంటోంది. ఏం తింటే నిద్ర పడుతుంది?

జవాబు: పాల సంగతి తర్వాత, ముందు ఆ ఏడింటి చాయ్ మానేయండి. ఇరానీ చాయ్ డికాక్షన్ మూతపెట్టిన గిన్నెలో సన్నటి సెగ మీద చాలాసేపు మరుగుతుంది, చిక్కగా కాచిన పాలు అందులో తర్వాత కలుపుతారు కాబట్టి నోటికి కమ్మగా ఉంటుంది గానీ కెఫీన్ ఎక్కడికీ పోదు. పగలంతా మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ మనకు నిద్రమత్తు తెస్తుంది, కెఫీన్ దాన్ని పని చేయనివ్వదు. తాగినదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. 2013లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నవాళ్లకు గంటకు పైగా నిద్ర తగ్గింది. మీ రెండు చాయ్‌లలో అంత ఉండదు, నిజమే, కానీ మీకు నిద్ర ఆలస్యమవుతోందంటే నా అనుమానం మొదట దానిమీదే. నాలుగింటి తర్వాత చాయ్, కోలా రెండూ వద్దు.

ఇక ఆ మంట. నూనె, నెయ్యి ఎక్కువున్న తిండి కడుపులోంచి త్వరగా కదలదు, అది అరిగేలోపే మీరు నడుం వాల్చేస్తే యాసిడ్ పైకి తన్నుకొస్తుంది. తిండికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలుండాలి. పదకొండింటికి ఇల్లు చేరేవాళ్లకు అదెలా కుదురుతుందంటారా, అసలు భోజనం ఎనిమిదింటి బ్రేక్‌లో ఆఫీసులోనే కానిచ్చేయండి, బాక్స్ తీసుకెళ్తే మరీ మంచిది. ఇంటికొచ్చాక ఆకలేస్తే కాస్త పెరుగన్నమో, రెండు ఇడ్లీలో చాలు. బిర్యానీ మానక్కర్లేదు, సెలవు రోజు మధ్యాహ్నం హాయిగా తినండి. తప్పక రాత్రి తిన్న రోజున ఎడమవైపు తిరిగి పడుకోండి. మందు అలవాటుంటే అది కూడా మంటను పెంచుతుంది, పైగా తాగగానే నిద్ర పట్టినట్టే ఉన్నా తెల్లవారుజామున చెడగొడుతుంది.

పాలలో నిద్రకు పనికొచ్చే ట్రిప్టోఫాన్ ఉంది గానీ గ్లాసుడు పాలలో ఉండేది కొంచెమే. మీకు పడితే తాగండి, మంట పెరిగితే ఆపేయండి.

ఈ మార్పులు చేశాక కూడా కొన్ని వారాల పాటు మంట వస్తూనే ఉన్నా, మింగడం కష్టమైనా, బరువు తగ్గుతున్నా గ్యాస్ట్రో డాక్టరుకు చూపించుకోండి. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకితే మాత్రం గ్యాస్ అనుకుని ఈనో తాగుతూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.