పాఠకుల ప్రశ్నలు: ఉబ్బిన ఆర్కేడ్ పెట్టె, మలుపు తిరగని ప్యాక్‌మ్యాన్

ప్రశ్న: వేసవి సెలవుల్లో మా అబ్బాయి, నేను కలిసి ఇంట్లోనే ఆర్కేడ్ గేమ్ పెట్టె (ఒకప్పుడు ఆటల అంగళ్లలో నిలబడి ఆడే యంత్రం లాంటిది) తయారుచేశాము. పార్టికల్ బోర్డు కోయించి, పాత 17 అంగుళాల మానిటర్, రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు, ఒక జాయ్‌స్టిక్, ఎనిమిది బటన్లు బిగించాము. నవంబరులో వరండాలోకి జల్లు కొట్టి పెట్టె అడుగు అంచులు ఉబ్బిపోయాయి. పైగా ప్యాక్‌మ్యాన్ ఆడుతుంటే మలుపుల దగ్గర బొమ్మ తిరగకుండా నేరుగా పోతోంది. అంగడివారు జాయ్‌స్టిక్ మార్చమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ముందు జాయ్‌స్టిక్ సంగతి చెబుతాను, ఎందుకంటే దానికి మీరు బహుశా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టనక్కరలేదు. 1980లో జపాన్‌కు చెందిన నామ్‌కో సంస్థ విడుదల చేసిన ప్యాక్‌మ్యాన్ యంత్రంలో పిడి నాలుగు దిక్కులకే కదిలేది. ఇప్పుడు అంగళ్లలో దొరికేవి ఎక్కువగా ఎనిమిది దిక్కులవి. అటువంటి పిడిని కుడి నుంచి పైకి తిప్పేటప్పుడు అది మూల గుండా వెళ్తుంది కనుక, ఆ క్షణంలో రెండు స్విచ్చులూ ఒకేసారి నొక్కుకుని, ఏ దిక్కు తీసుకోవాలో ఆటకు తేలేలోపే మలుపు దాటిపోతుంది.

బటన్ల పలకను ఎత్తి, జాయ్‌స్టిక్ అడుగు భాగాన్ని చూడండి. పిడి చుట్టూ నాలుగు చిన్న మైక్రోస్విచ్చులు, వాటి కింద నలుచదరపు రంధ్రం ఉన్న ప్లాస్టిక్ బిళ్ల కనిపిస్తాయి. చాలా రకాల్లో ఆ బిళ్లను విప్పి, 45 డిగ్రీలు తిప్పి మళ్లీ బిగించే వీలుంటుంది. అప్పుడు రంధ్రపు మూలలు పైకి, కిందికి, పక్కలకు వచ్చి, పిడి నాలుగు దిక్కులకే పరిమితమవుతుంది. కళ్లు మూసుకుని పిడిని గుండ్రంగా తిప్పండి. ఒక్కొక్క టిక్కు విడివిడిగా వినిపిస్తే పని కుదిరినట్టే. అయితే 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2 వంటి పోరాటపు ఆటలకు మూల దిక్కులు కూడా తప్పనిసరి కాబట్టి, మీ అబ్బాయి అవి కూడా ఆడేటట్లయితే రెండో జాయ్‌స్టిక్ అమర్చడమే మేలు.

ఇక చెక్క. ఉబ్బిన పార్టికల్ బోర్డు ఎండబెట్టినా యథాస్థితికి రాదు. మేకు పట్టు కూడా పోతుంది. ఉబ్బిన మేరకు అడుగును అంగుళాల లెక్కన కోయించి, కింద టేకు రీపర్ల చట్రం, దానికి రబ్బరు బుష్షులు వేయించండి. నేల తుడిచిన తడి కూడా అప్పుడు చెక్కకు తగలదు. మన తీరానికి పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కనుక, మళ్లీ కట్టే ఆలోచన ఉంటే ఐఎస్ 710 ముద్ర (తడికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు వేసేది) ఉన్న 18 మి.మీ. ప్లైవుడ్ తీసుకోండి. ఎంత మంచి ప్లైవుడ్ అయినా నీరు పీల్చేది కోసిన అంచుల నుంచే. అందుచేత సన్‌మైకా అంటించే ముందు, పైకి కనిపించని అడుగు అంచుకు కూడా ప్రైమర్ రెండు పూతలు వేయించమని ఆచారిగారికి గట్టిగా చెప్పండి.

బటన్ల రంధ్రాల విషయంలో ఆయన పక్కనే నిలబడండి. ఆడే బటన్లకు 30 మి.మీ., స్టార్ట్ బటన్లకు 24 మి.మీ. సాధారణ కొలత. హోల్ సాతో (గుండ్రటి రంధ్రం కోసే రంపపు బిట్టు) పై నుంచి ఒక్క ఊపున కోస్తే అడుగున పొరలు లేచిపోతాయి. నడిమి బిట్టు కొన అవతలికి పొడుచుకు రాగానే ఆపి, పలకను తిరగేసి రెండో వైపు నుంచి పూర్తి చేయాలి.

మానిటర్ గురించి మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. ప్యాక్‌మ్యాన్ తెర నిలువుది; అడ్డంగా 224, నిలువుగా 288 చుక్కలు. మీ మానిటర్‌ను నిలువుగా తిప్పి బిగిస్తే బొమ్మ వైశాల్యం సుమారు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. కానీ టీఎన్ అనే పాత రకం ఎల్‌సీడీ తెరలను అలా తిప్పితే ఒక పక్క నిలబడినవారికి రంగులు నల్లబడి కనిపిస్తాయి. బిగించకముందే చేత్తో తిప్పి పట్టుకుని, రెండు పక్కల నుంచీ చూసి నిర్ణయించుకోండి. వెనుక పలకకు పైనా కిందా గాలి రంధ్రాలు పెట్టి, బల్లులు దూరకుండా సన్నని జాలీ కొట్టించండి. కరెంటు హఠాత్తుగా పోతే రాస్‌బెర్రీ పై మెమరీ కార్డులోని ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ కార్డు నకలు ఒకటి తీసి దాచుకోవడం అవసరం.

ప్రశ్న: మా పిల్లలకు ఎనిమిది, పదకొండేళ్లు. బటన్ల పలక ఎంత ఎత్తున ఉండాలి? ఆటలను నెట్‌లో దింపుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: పెద్దబిడ్డ నిలబడి చేతులు మడిచినప్పుడు మోచేయి ఎంత ఎత్తున ఉంటుందో అంతే పెట్టించండి అమ్మా, చిన్నబిడ్డకు పీట వేస్తే సరిపోతుంది. పాత ఆటలైనా వాటికి హక్కుదారులున్నారు కనుక, కనిపించిన చోటల్లా దింపుకోవడం తగదు. పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటరులో నడిపించే మేమ్ ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసేవారే తమ సొంత సైటులో, హక్కుదారుల అనుమతితో, గ్రిడ్లీ, రాబీ రోటో వంటి కొన్ని ఆటలను వ్యాపారేతర వాడకానికి ఉచితంగా ఉంచారు. బటన్లు, తీగలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి ముందుగా వాటినే ఎక్కించుకోండి.