ప్రాపెన్సిటీ స్కోర్‌తో మ్యాచింగ్ చేస్తే కారణం తేలిపోతుందా?

ప్రాపెన్సిటీ స్కోర్ అంటే, ఉన్న వివరాలను బట్టి ఒకరికి ట్రీట్‌మెంట్ (మనం ప్రభావం కొలవాలనుకునే పని) అందే అవకాశం ఎంతన్న అంచనా. ఆ స్కోరు దగ్గరగా ఉన్నవాళ్లలో అందినవాళ్లనూ అందనివాళ్లనూ జత కలపడమే మ్యాచింగ్. మ్యాచింగ్ అయ్యాక రెండు గ్రూపులూ అన్ని కాలమ్స్‌లో సమానంగా వచ్చాయి కదా, మిగిలిన తేడాని ప్రభావం అనేయొచ్చా అని అడిగారు. నేనూ ఒకసారి అలాగే అనబోయాను.

లోన్లిచ్చే ఒక కంపెనీలో అనలిస్టుగా ఉండేవాణ్ని. గడువుకు ముందు రిమైండర్ కాల్ వెళ్లినవాళ్లే ఈఎంఐ తక్కువగా కడుతున్నారని డేటాలో కనబడింది. "అయితే కాల్స్ దండగేగా" అన్నారు మేనేజర్. ఎగ్గొట్టేలా ఉన్నవాళ్లకే ఫోన్ చేస్తారని నాకు తెలుసు. అందుకే జీతం, వయసు, ఊరు, పాత బకాయిలు పెట్టి స్కోరు కట్టి జతలు కలిపాను. తేడా తగ్గింది గానీ తిరగబడలేదు. రెండు గ్రూపులూ ఎంత సమానంగా ఉన్నాయో చూపే బ్యాలెన్స్ టేబుల్ మాత్రం ముచ్చటగా ఉంది!

రెండు వారాలు మోడల్‌ని తిట్టుకుని, చివరికి కలెక్షన్ టీమ్ పక్కన వెళ్లి కూర్చున్నాను. ఎవరికి చేయాలో ఏజెంట్లు సొంత నోట్‌బుక్ చూసి తేల్చుకుంటున్నారు. "షాపు మూసేశాడు", "పోయిన నెల మామ కట్టాడు". ఇవేవీ నా టేబుల్లో లేవు. 1983లో గణాంక శాస్త్రవేత్తలు రోసెన్‌బామ్, రూబిన్ ఈ ప్రాపెన్సిటీ స్కోరును ప్రతిపాదించినప్పుడే, ఎంపికనూ ఫలితాన్నీ కలిపి నడిపించేవన్నీ మన చేతిలో ఉండాలన్న షరతు ఉంది. నేను దాన్ని దాటేసి కోడ్ దగ్గరికి వెళ్లిపోయాను.

అదృష్టం కొద్దీ ఒక జోన్‌లో ఏజెంటు ఇష్టంతో పనిలేదు. రిస్క్ స్కోరు 60 దాటితే సిస్టమే కాల్ లిస్టులో వేస్తుంది. 59 వాడికీ 61 వాడికీ మనిషిగా పెద్ద తేడా ఉండదు కదా. గీత దగ్గర జనం అసహజంగా పోగుపడలేదనీ, జీతమూ బకాయిలూ అక్కడ ఒక్కసారిగా ఎగరలేదనీ చూసుకున్నాకే పోల్చాను. కాల్ వెళ్లినవైపు కట్టడం కొంచెం మెరుగ్గానే ఉంది.

1854లో లండన్ కలరాపై డాక్టర్ జాన్ స్నో పట్టుకున్నదీ ఇలాంటి అవకాశమే. ఒకే వీధిలో రెండు కంపెనీల నీళ్లు. ఏ ఇంటికి ఎవరి పైపు అన్నది అద్దెకున్నవాళ్ల ఆరోగ్యం చూసి పెట్టింది కాదు. వాటిలో లాంబెత్ కంపెనీ 1852లోనే నీళ్లు తోడే చోటును మురుగు కలవని ఎగువకు మార్చింది. స్నో లెక్కలో పదివేల ఇళ్లకు చావులు రెండో కంపెనీ సౌత్‌వార్క్ అండ్ వాక్స్‌హాల్ నీళ్లలో 315, లాంబెత్ నీళ్లలో 37.

కాబట్టి మీ డేటాలో ఆ ట్రీట్‌మెంట్ ఎవరికి ఇవ్వాలో ఎవరు, ఏం చూసి నిర్ణయించారో ముందు రాయండి. అది తెలియకుండా బ్యాలెన్స్ టేబుల్ చూసి నేనేమీ చెప్పలేను. ఇక నా ఫలితం చూసి మా మేనేజర్ వెంటనే "మరి రిస్క్ స్కోరు 85 ఉన్నవాళ్లకూ ఇదే లాభమా?" అన్నారు. 60 దగ్గరి సంగతే చెప్పగలనండీ అన్నాను. ఆయనకది నచ్చలేదు.