రాగి మడ్డిలో బంగారం ఉంది, కానీ కుంపటి మీద పెట్టకండి

"రాగిని కరెంటుతో శుద్ధి చేశాక అడుగున మిగిలే నల్ల మడ్డిలోంచి ఇంట్లోనే బంగారం తీయొచ్చా?" అని అడిగారు. బంగారం ఉంటుంది, వెండి ఇంకా ఎక్కువ ఉంటుంది. ఇంట్లో మాత్రం వద్దు. రాగి రిఫైనరీలో ఏళ్ల తరబడి పనిచేసినవాడిగా చెబుతున్నాను.

పర్లాకిమిడిలో మా మావయ్యది నగల పని. ఓ సంక్రాంతికి వెళ్లేసరికి, తుక్కు వ్యాపారి ఎవరో ఇచ్చిన మడ్డిని మూసలో పోసి కుంపటి మీద పెట్టి ఊదుతున్నాడు. వీధి అరుగు మీదకే కుళ్లిన ముల్లంగి కంపు కొట్టింది. నాకు గుండె ఆగినంత పనైంది. అది మడ్డిలో ఉండే సెలీనియం అనే మూలకం వదిలే విషపు పొగ. "మావయ్యా, లే, ముందు బయటికి రా!" అంటే, "ఆగరా, ఇంకాస్తలో కరుగుతుంది" అంటాడు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆ రాత్రంతా దగ్గుతూనే ఉన్నాడు. అందులో సీసం, ఆర్సెనిక్ కూడా ఉంటాయని ఆయనకు చెప్పినవాళ్లే లేరు.

రిఫైనరీలో ముందు గంధకామ్లంతో మిగిలిన రాగిని లాగేస్తారు. తర్వాత మూసి ఉన్న కొలిమిలో కాల్చి, ఆ సెలీనియం పొగను నీళ్లలో పట్టుకుంటారు. మిగిలినదాన్ని కరిగిస్తే సీసం లాంటివి చిట్టెంలోకి, అంటే పైన తేలే మలినంలోకి పోయి వెండి, బంగారం కలిసిన దిమ్మ వస్తుంది. దానికి మళ్లీ కరెంటు పెడితే వెండి విడిగా పేరుకుంటుంది, బంగారం మళ్లీ మడ్డిగానే అడుగున దిగుతుంది. ఇన్ని అంచెలను రెండు నిమిషాల వీడియోలో, అదీ పాట పెట్టి చూపించేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. పొగ గురించి ఒక్క మాట చెప్పరు.

అసలు అందరూ బంగారం గురించే ఎందుకు అడుగుతారు? ప్రపంచంలో సెలీనియం, దానితో పాటే దొరికే టెల్లూరియం అనే మరో అరుదైన మూలకం చాలామటుకు ఈ మడ్డి నుంచే వస్తాయి. టెల్లూరియం సోలార్ పలకల్లోకి వెళ్తుంది. 2023లో కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో రెండూ ఉన్నాయి. మా రాయగడ, కొరాపుట్ వైపు ఖనిజమంటే బాక్సైట్ ఒక్కటే అన్నట్టు మాట్లాడతారు. బరంపురం ఐటీఐలోనో, రాయగడలోనో మన పిల్లలకు ఈ లోహాలు పరీక్షించే పని నేర్పితే ఊళ్లోనే ఉద్యోగాలు వస్తాయి, నాకు అనుమానమే లేదు.

మీ చేతికి ఆ మడ్డి నిజంగా వచ్చి ఉంటే వేడి చేయకండి, ఆరబెట్టి దుమ్ము లేపకండి. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం దీన్ని శుద్ధి చేయాలంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. ఆ అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వండి. ధర మాట్లాడే ముందు శాంపిల్ మీ ఎదుటే తీయించండి.