స్టేషన్ అనౌన్స్‌మెంట్‌తో మొదలుపెట్టు

అమ్మలూ, ఆశీస్సులు.

ఈ ఏడు తొమ్మిదో తరగతి పిల్లలకి బయట మనుషులు నిజంగా మాట్లాడే ఇంగ్లిషే వినిపిస్తావని మీ నాన్న చెప్పాడు. ఛాతీ ఉప్పొంగింది. వెంటనే భయమూ వేసింది. మొదటి రోజే ఏమీ అందక "ఇది మనవల్ల కాదు" అని వెనక బెంచీవాళ్లు అనేసుకుంటే, ఆ బెరుకు పోగొట్టడం చాలా కష్టం.

అందుకే సినిమాలు, క్రికెట్ కామెంటరీ ఇప్పుడే వద్దు. గుంటూరు నుంచి వచ్చినప్పుడు బెజవాడ స్టేషన్‌లో దిగుతావుగా, ఓ అరగంట ప్లాట్‌ఫాం మీదే కూర్చుని అనౌన్స్‌మెంట్లు ఫోన్‌లో రికార్డు చేసుకో. మాటల వరస ఒకటే. మారేది బండి పేరు, నంబరు, ప్లాట్‌ఫాం. ఒకసారికి నిమిషంన్నర మించి వినిపించకు.

చాలామంది చేసే తప్పొకటుంది. "పాపం, పిల్లలకి కష్టం" అని ఆడియోలోని మాటలన్నీ జిరాక్స్ తీసి ముందే చేతిలో పెడతారు. కాగితం వచ్చాక కళ్లు పరిగెడతాయి, చెవి ఊరుకుంటుంది. జవాబులన్నీ సరిగ్గానే వస్తాయి, ఒక్కరూ విని ఉండరు. "ఈజ్ అరైవింగ్ ఆన్" అచ్చులో చూస్తే పిల్లలకి తెలుసు. నోట్లోంచి "ఈజరైవింగాన్" అని ఒకే ముద్దగా వచ్చేసరికి ఎక్కడ విడగొట్టాలో తెలియదు. అది చెవే నేర్చుకోవాలి తల్లీ. కష్టం తగ్గించాలనుంటే ఆడియోని ముట్టుకోకు, అడిగే ప్రశ్నని తేలిక చెయ్యి. మొదటిసారి ఒక్కటే: బండి వస్తోందా, బయలుదేరుతోందా? రెండోసారి నంబరు, ప్లాట్‌ఫాం రాసుకోమను. పినాకిని 12711 అయితే అంకెలు విడివిడిగా చదువుతారు కాబట్టి అందుతాయి. పక్కవాళ్లతో సరిచూసుకోనివ్వు, తప్పు రాసిన పిల్లని అందరి ముందూ నిలబెట్టకు. మూడోసారి విన్నాకే కాగితం ఇచ్చి, వినపడని చోట గీత పెట్టమను. ఆ గీతల్లోంచే మర్నాటి పాఠం తీసుకో.

ఫిఫ్టీన్, ఫిఫ్టీ దగ్గర అందరూ తడబడతారు. ఫిఫ్టీన్‌లో చివర సాగుతుంది, ఫిఫ్టీలో మొదలు నొక్కుతారు. దానికి విడిగా పది నిమిషాలు పెట్టుకో.

కొత్త మాటలు ముందుగా నాలుగైదు చాలు. స్పీకర్ గది మధ్యలో పెట్టు, ఫ్యాన్లు ఆపు, పిల్లలు రాకముందే చివరి బెంచీలో కూర్చుని నువ్వు విను. మాట వినపడక పోయినా తనకి అర్థంకాలేదనే అనుకుంటుంది పిల్ల.

ఇవి బాగా నలిగాక ఇంగ్లిషు వాతావరణ వార్తలు, ఆ రోజు పొద్దుటివే వినిపించు. మచిలీపట్నం, ఒంగోలు లాంటి తెలిసిన పేర్లు వాళ్లకి ఊతం.

ఆదివారం రికార్డింగులు తెచ్చుకో. ఏది ముందో, ఏది తర్వాతో ఇద్దరం కూర్చుని వరస పెడదాం.

మీ పెదనాన్న